పదహారు మందితో హైదరాబాద్ చూడాలంటే: టెంపో ట్రావెలర్ మాట్లాడుకునే దగ్గర్నుంచి బిల్లు కట్టేదాకా

ఇంట్లోవాళ్ళు, మేనత్త వాళ్ళు, పిన్ని వాళ్ళు, పిల్లలు అందరూ కలిసి పదిహేను పదహారు మంది అయ్యాక మూడు కార్లు పెట్టుకుని హైదరాబాద్ తిరగడం అంత తెలివైన పని కాదు. ఒక కారు మెహదీపట్నంలో ఇరుక్కుంటుంది, ఇంకోటి లక్డీకాపూల్‌లో తప్పు ఫ్లైఓవర్ ఎక్కేస్తుంది, మూడోది ఎక్కడుందో కనుక్కోవడానికి ఫోన్ల మీద ఫోన్లు. ఒకే టెంపో ట్రావెలర్ అయితే అందరూ కళ్ళ ముందే ఉంటారు, పెద్దవాళ్ళకి కబుర్లతో కాలక్షేపం, ఖర్చు కూడా తలా ఒక్కింటికి తగ్గుతుంది. నేనుండేది హైదరాబాద్‌లోనే, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ ఏర్పాట్లు నేనే చూస్తాను, కాబట్టి తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి చెప్పాలి. గుంపుతో తిరిగేటప్పుడు రోజుని మింగేసేది ట్రాఫిక్ కన్నా దిగడం, ఎక్కడం. బండి ఆగాక పదహారు మందీ దిగాలి, సీటు కిందకి వెళ్ళిపోయిన చెప్పులు వెతుక్కోవాలి, ఒకరు బాత్రూమ్ అంటారు, ఒకరు నీళ్ళ బాటిల్ కొంటారు, ఒక బాబాయ్ టీ కొట్టు చూసి అటు వెళ్ళిపోతాడు. తిరిగి ఎక్కేటప్పుడూ ఇదే తంతు. ఒక్కో చోట దీనికే అరగంట పోతుంది. అందుకని ఎన్ని చోట్లు చూడాలని కాకుండా, బండి ఎన్నిసార్లు దిగి ఎక్కాలని లెక్క వేయండి. రోజుకి మూడుసార్లు హాయిగా ఉంటుంది, నాలుగు దాటితే చిరాకులు మొదలవుతాయి. ఒక్కసారి దిగితే నడిచి రెండు మూడు చూసేలా ఏరియాల వారీగా ప్లాన్ చేసుకోవాలి.

బండి మాట్లాడుకునేటప్పుడు

పన్నెండు, పదిహేడు, ఇరవై, ఇరవయ్యారు సీట్ల బండ్లు దొరుకుతాయి. మీరెంతమందో దానికి కనీసం రెండు సీట్లు ఎక్కువున్నది తీసుకోండి. సంచులకి ఒక సీటు పోతుంది, ఎవరికైనా నలతగా ఉంటే కాళ్ళు చాపుకోవడానికి ఇంకోటి కావాలి. వెనక వరసలో కుదుపు ఎక్కువ, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఎగిరి పడతారు, కాబట్టి నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని ముందు, మధ్య వరసల్లో కూర్చోబెట్టి కుర్రాళ్ళని వెనక్కి పంపండి. వాంతులయ్యే పిల్లలు కూడా ముందే కూర్చోవాలి, రెండు మూడు కవర్లు చేతికందేలా పెట్టాలి. ఇంకోటి, ఈ బండ్ల మెట్టు ఎత్తుగా ఉంటుంది. డెబ్బై ఏళ్ళ అమ్మమ్మకి రోజుకి ఏడెనిమిదిసార్లు ఆ మెట్టు ఎక్కి దిగడం నిజంగా కష్టం. ఇంట్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ స్టూల్ ఒకటి బండిలో పడేసుకోండి, ఆగిన చోటల్లా తలుపు దగ్గర వేస్తే చాలు.

కిరాయి రెండు రకాలు. ఊళ్ళోనే తిరిగితే లోకల్ ప్యాకేజీ, సాధారణంగా 8 గంటలు, 80 కిలోమీటర్లు, ఆపైన గంటకింత, కిలోమీటర్‌కింత. వేరే ఊరి నుంచి బండి తీసుకొస్తే కిలోమీటర్ లెక్క, కానీ రోజుకి కనీసం 250 లేదా 300 కిలోమీటర్లకి డబ్బు కట్టాలి. ఇక్కడ కాస్త లెక్క వేసుకోవాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు, రానూపోనూ 550, ఊళ్ళో రోజుకి 60 అనుకుంటే రెండు రోజుల ట్రిప్ 670 అవుతుంది. రోజుకి 300 చొప్పున కనీసం 600, మీరు తిరిగింది అంతకన్నా ఎక్కువే కాబట్టి నష్టమేం లేదు. అదే మూడు రోజులైతే కనీసం 900కి కట్టాలి, తిరిగేది 730. తిరగని 170 కిలోమీటర్లకి కూడా డబ్బు పోతుంది. మూడు రోజులో అంతకన్నా ఎక్కువో ఉండేవాళ్ళు రైల్లో సికింద్రాబాద్ వచ్చి ఇక్కడ లోకల్ ప్యాకేజీ బండి మాట్లాడుకోవడం ఎంత కలిసొస్తుందో మీరే టికెట్ల ధరతో పోల్చి చూసుకోండి.

రోజు అంటే చాలామంది ట్రావెల్స్‌వాళ్ళ లెక్కలో రాత్రి పన్నెండు నుంచి మళ్ళీ పన్నెండు. రాత్రి పదింటికి బయల్దేరితే ఆ రెండు గంటలకీ ఒక రోజు కింద పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. డబ్బు సంగతి అలా ఉంచినా, రాత్రంతా బండి నడిపిన మనిషిని పొద్దున్నుంచి మళ్ళీ ఊరంతా తిప్పమనడం ప్రాణాలతో చెలగాటం. ఈ విషయంలో మాత్రం ఎవరు ఎంత సర్ది చెప్పినా ఒప్పుకోకండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగాల్సినవి: కిలోమీటర్లు మీరు ఎక్కిన దగ్గర్నుంచా, వాళ్ళ షెడ్డు నుంచా? టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, నైట్ బత్తా కిరాయిలో కలిసే ఉన్నాయా, విడిగానా? బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తారా? విజయవాడ హైవే మీద కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దగ్గర టోల్ ఉంటుంది, కాబట్టి అది చిన్న మొత్తం కాదు. ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి అయితే తెలంగాణ పర్మిట్, ట్యాక్స్ ఎవరు కడతారో కూడా తేల్చుకోండి. దీని మీదే దారిలో గొడవలు అవుతుంటాయి. మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి వాళ్ళచేత ఓకే అనిపించుకోండి. నంబర్ ప్లేటు పసుపుదే ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని తక్కువకి ఇస్తామంటారు, కానీ అది కిరాయికి తిప్పే బండి కాదు, ఏదైనా జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది మీకే.

ముందురోజు డ్రైవర్‌తో మీరే ఫోన్‌లో మాట్లాడండి. పాతబస్తీలో పెద్ద బండి నడిపిన అలవాటుందా అని అడగండి. లేదంటే ఓనర్‌కి చెప్పి వేరే మనిషిని పంపమనండి. ఎక్కగానే మీటర్ రీడింగ్ ఫోటో ఒకటి తీసి గ్రూపులో పెట్టేయండి.

ఏ రోజు ఏది మూసేస్తారు

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం సెలవు. మక్కా మసీదు దగ్గర శుక్రవారం నమాజుకి జనం బాగా ఉంటారు. అంటే శుక్రవారం పాతబస్తీ పెట్టుకోకూడదు. జూపార్క్ సోమవారం సెలవు. వినాయక నిమజ్జనం రోజు అసలు బండి తీయకండి, ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల దారులన్నీ మళ్ళిస్తారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ ఉంటుంది, ఆ సాయంత్రాలు అటువైపు వెళ్ళకుండా చూసుకోవాలి. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండ నుంచే, ఆదివారాలు, గురువారాలు కోట కిక్కిరిసి ఉంటుంది. బోనాలు చూడ్డానికే వస్తే అంతకన్నా మంచి రోజు లేదు, కోట చూడాలంటే మాత్రం వేరే రోజు పెట్టుకోండి.

పాతబస్తీ: ఒక్క రోజంతా దీనికే

పొద్దున టిఫిన్ చేసి తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. పదకొండు దాటితే కొట్లు తెరుస్తారు, జనం వస్తారు, ఇక నడవడమే కష్టం. చార్మినార్ చుట్టూ బండ్లని రానివ్వరు. మదీనా కూడలి దగ్గర అందర్నీ దింపేసి బండిని పంపించేయండి, ఎక్కడ ఆపుకోవాలో డ్రైవర్ చూసుకుంటాడు. అక్కడ్నుంచి పత్తర్‌గట్టి మీదుగా, చార్‌కమాన్ దాటి, గుల్జార్ హౌజ్ పక్కనుంచి నడిస్తే ఎదురుగా చార్మినార్ కొంచెం కొంచెంగా పెద్దదవుతూ కనిపిస్తుంది. బండిలో వెళ్ళి పక్కన దిగితే ఈ దృశ్యం దొరకదు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన కట్టడం అది. పైకి మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి, మెట్టు మెట్టుకీ ఎత్తెక్కువ, ఎదురుగా దిగేవాళ్ళు వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద ఉండిపోవడమే మంచిది. టికెట్ మనవాళ్ళకి 25 రూపాయలు, పదిహేనేళ్ళలోపు పిల్లలకి లేదు. పురావస్తు శాఖ ఆన్‌లైన్ టికెట్ ముందురోజే తీసుకుంటే క్యూ తప్పుతుంది. పైకి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చేలోపు మిగతావాళ్ళు పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో కూర్చుంటే వాళ్ళకీ విసుగుండదు. మక్కా మసీదు లోపలికి వెళ్ళాలనుకుంటే ఒళ్ళు కప్పే బట్టలుండాలి, పొట్టి నిక్కర్లతో వస్తే బయటే ఆగిపోవాల్సి వస్తుంది.

అక్కడ్నుంచి చౌమహల్లాకి పది పదిహేను నిమిషాల నడక. గుంపులో పెద్దవాళ్ళుంటే పాతబస్తీలో నేను ఎక్కువ సమయం ఇచ్చేది దీనికే. పచ్చిక, నీడ, కూర్చోవడానికి చోటు, శుభ్రమైన బాత్రూములు అన్నీ ఉన్నాయి. ఖిల్వత్ దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద అందర్నీ నిలబెట్టి ఒక ఫోటో తీయండి. మగపిల్లలైతే పాత కార్ల దగ్గర నుంచి కదలరు, 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ అక్కడే ఉంది.

గాజులు కొనుక్కునేవాళ్ళు, కొనుక్కోనివాళ్ళు అని గుంపు ఇక్కడే రెండవుతుంది. లాడ్‌బజార్‌కి వెళ్ళే అత్తయ్యలకి, వదినలకి గంటన్నర టైం ఇవ్వండి, మిగతా అందరూ చౌమహల్లాలోనే ఉంటారు. లాడ్‌బజార్‌లో చెప్పిన ధరకి ఎవరూ కొనరు, బేరం ఆడాలి, రెండు మూడు కొట్లు చూశాకే కొనాలి. మగవాళ్ళని వెంట తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టి తొందరపెట్టించుకోవడం కన్నా ఇదే మేలు. డ్రైవర్‌కి ముందుగా ఫోన్ చేసి ఖిల్వత్ వైపు రమ్మంటే మళ్ళీ మదీనా దాకా నడక తప్పుతుంది.

భోజనం సంగతి కాస్త ముందే ఆలోచించుకోండి. శనివారం ఒంటిగంటకి పదహారు మంది ఒకేసారి ఏ హోటల్‌కి వెళ్ళినా ఒకచోట సీట్లు దొరకవు. పన్నెండుంబావుకే కూర్చోవాలి, లేదా రెండున్నరకి. మొదటిది మంచిది, ఎందుకంటే షుగర్ ఉన్నవాళ్ళు ఆగలేరు. బిర్యానీ తినేవాళ్ళకి మదీనా దగ్గర షాదాబ్ హోటల్ ఉంది, శాకాహారం వాళ్ళు మూసీ దాటి ఆబిడ్స్‌కి వెళ్తే తాజ్‌మహల్ హోటల్ ఉంది. బిర్యానీ మనిషికొకటి చెప్పకండి, ప్లేటు పెద్దది, ముగ్గురికి రెండు చొప్పున మొదలుపెట్టి చాలకపోతే చెప్పుకోవచ్చు. పొద్దున్నే ఇంట్లో పులిహోర, పెరుగన్నం కట్టుకుని బండిలో పెట్టుకోగలిగితే పిల్లల ఆకలి టెన్షన్ సగం ఉండదు.

మధ్యాహ్నం సాలార్‌జంగ్. లోపల ఎంత ఉందంటే రోజంతా తిరిగినా అవదు, కాబట్టి మూడు పెట్టుకోండి. ఒకటి గడియారం. గంటగంటకీ లోపల్నుంచి ఒక చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. అది కాసేపట్లోనే అయిపోయే పని, ఆఖరి నిమిషంలో వెళ్తే ముందున్నవాళ్ళ తలలే కనిపిస్తాయి, పావుగంట ముందే వెళ్ళి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. మూడింటికి వెళ్తే మూడుసార్లే కొడుతుంది, పన్నెండింటికి వెళ్తే పన్నెండుసార్లు, జనం కూడా దానికి తగ్గట్టే ఉంటారు. రెండోది ముసుగు రెబెకా, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. రాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటే ఎవరైనా రెండు నిమిషాలు కదలకుండా నిలబడిపోతారు. మూడోది ఒకే కొయ్యలో ముందు ఒక మనిషి, వెనక ఒక అమ్మాయి ఉన్న బొమ్మ. వెనక అద్దం పెట్టారు, అద్దంలోకి చూడమని పిల్లలకి చెప్పకపోతే సగమే చూసి వచ్చేస్తారు. ఈ మూడూ అయ్యాక ఓపికున్నవాళ్ళు తిరుగుతారు, లేనివాళ్ళు కూర్చుంటారు.

గోల్కొండ వైపు

ఎండాకాలం అయితే తెరవగానే, మిగతా రోజుల్లో మధ్యాహ్నం మూడు తర్వాత. నడి మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద పెద్దవాళ్ళని నడిపించకండి. కోటకి వెళ్ళే దారిలో పాత దర్వాజా ఇరుకుగా, మలుపు తిరిగి ఉంటుంది, రెండు పెద్ద బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిందే, అందుకే ఆదివారం సాయంత్రం అక్కడ బాగా ఆలస్యం అవుతుంది.

లోపలికి వెళ్ళగానే బాలాహిస్సార్ ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైన వినిపిస్తుందని అందరూ చెప్తారు. దాన్ని గుంపుతోనే సరిగ్గా చూడగలం. నలుగురు కుర్రాళ్ళు పైకి వెళ్ళాక ఫోన్ చేస్తారు, అప్పుడు కింద ఉన్నవాళ్ళు కొట్టాలి. శత్రువు గుమ్మంలోకి వస్తే పైవాళ్ళకి కబురందాలని చేసిన ఏర్పాటు అది. పైన జగదాంబిక అమ్మవారి గుడి ఉంది, దర్బారు నుంచి ఊరంతా కనిపిస్తుంది.

మన పెద్దవాళ్ళు మాత్రం అడిగేది రామదాసు చెరసాల. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, భద్రాచలం గుడి కట్టించాడని తానీషా ఖైదు చేయించిన చోటు. గోడ మీద ఆయన చెక్కుకున్నవని చెప్పే సీతారామ లక్ష్మణుల బొమ్మలకి ఇప్పటికీ దండం పెట్టుకుంటారు. అది కొండ ఎక్కే దారిలో ఉంది, పై దాకా వెళ్ళక్కర్లేదు. పెద్దవాళ్ళని మెల్లగా అక్కడిదాకా నడిపించి, దండం పెట్టించి, కిందకి తీసుకొచ్చేయండి. ఆ తర్వాతే కుర్రాళ్ళు పైకి. అందరూ ముందు పైకి బయల్దేరితే సగం దారిలో అలసిపోయి ఆ చెరసాల చూడకుండానే దిగిపోతారు, ఇంటికెళ్ళాక బాధపడతారు.

కుర్రాళ్ళు పైన ఉన్న గంటన్నరలో బండి ఖాళీగా ఉంటుంది కదా, కింద ఉన్నవాళ్ళని ఎక్కించుకుని దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర దింపమనండి. అంతా చదును నేల, చెట్లు, విశాలమైన తోట, బాగు చేసిన పాత మెట్లబావి కూడా ఉంది. తర్వాత కుర్రాళ్ళూ అక్కడికే వచ్చేస్తారు.

చిలుకూరు బాలాజీ దర్శనం కావాలంటే ఇదే రోజు పొద్దున్నే పెట్టుకోండి, దారిలో గండిపేట కూడా తగులుతుంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన చెరువు అది. చిలుకూరులో కోరిక కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. గుంపులో ఎవరికైనా నూట ఎనిమిది మొక్కు ఉందేమో ముందే కనుక్కోండి, వాళ్ళ కోసం అందరూ రెండు గంటలు ఆగాలి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రద్దీ.

సాయంత్రం హుస్సేన్ సాగర్, ఇంకో రోజు ఫిల్మ్‌సిటీ

బిర్లా మందిర్ మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం వెళ్తే చల్లగా ఉంటుంది, తెల్ల పాలరాయి మీద దీపాలు, కింద చెరువు, అన్నీ కనిపిస్తాయి. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఇక్కడే గుంపులు చెల్లాచెదురవుతాయి, ఎందుకంటే అందరి ఫోన్లూ బయట ఉండిపోతాయి, ఎవరు ఎవరికీ ఫోన్ చేయలేరు. దిగే ముందే ఎన్నింటికి, ఏ గేటు దగ్గర కలవాలో ప్రతి ఒక్కరికీ చెప్పండి, పిల్లల చేత తిరిగి చెప్పించుకోండి.

అక్కడ్నుంచి లుంబినీ పార్క్. పడవలో బుద్ధుడి విగ్రహం దాకా వెళ్ళొచ్చు. 1990లో ఆ ఏకశిలా విగ్రహాన్ని తరలిస్తుంటే నీళ్ళలో మునిగి మనుషులు చనిపోయారు, మళ్ళీ బయటికి తీసి నిలబెట్టింది 1992లో. పడవలో వెళ్ళేటప్పుడు పిల్లలకి ఈ సంగతి చెప్తే విగ్రహాన్ని వేరేగా చూస్తారు. పక్కనే కొత్త సచివాలయం, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. ట్యాంక్‌బండ్ మీద ఫోటో కోసం బండి ఆపమని డ్రైవర్‌ని బలవంతపెట్టకండి, చలానా అతని మీద పడుతుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద కూడా అంతే. హైటెక్ సిటీ వైపు పనిరోజుల్లో సాయంత్రం అయిదున్నర తర్వాత అసలు పెట్టుకోవద్దు.

రామోజీ ఫిల్మ్‌సిటీకి ఒక పూర్తి రోజు కావాలి. అది విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక ఉంది, కాబట్టి విజయవాడ, గుంటూరు, సూర్యాపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు దాన్ని ఆఖరి రోజు పెట్టుకుంటే ఊళ్ళోకి మళ్ళీ రానవసరం లేదు. లోపల వాళ్ళ బస్సుల్లోనే తిప్పుతారు, మన బండి రోజంతా పార్కింగ్‌లో ఉంటుంది, డ్రైవర్‌ని హాయిగా పడుకోమనండి. ఆ నిద్ర ఉంటే రాత్రి తిరుగు ప్రయాణానికి భయముండదు.

గుంపుని నడిపించడం

ఒక్కరే పెద్ద, ఒక్కరే డబ్బు చూసేవాళ్ళు, ఇద్దరూ వేరు వేరు మనుషులు. బయల్దేరే ముందు తలా ఇంత అని వసూలు చేసి ఆ డబ్బులోంచే టికెట్లు, టీలు, పార్కింగ్ కట్టేయండి, చోటుకోసారి లెక్కలు తేల్చుకుంటే టైం అంతా అక్కడే పోతుంది. ఎక్కగానే తలలు లెక్కపెట్టడం కన్నా, పక్క సీటు మనిషి వచ్చారా అని ప్రతి ఒక్కరినీ చూసుకోమనడం తేలిక, మూడేళ్ళ పిల్లలతో సహా ఎవరూ తప్పిపోరు. పార్కింగ్‌లో తెల్ల టెంపో ట్రావెలర్లన్నీ ఒకేలా ఉంటాయి, నంబర్ ప్లేటు ఫోటో గ్రూపులో పెట్టండి, అద్దానికి ఎర్ర రుమాలు ఒకటి కట్టండి, చదువురాని పెద్దమ్మ కూడా గుర్తుపడుతుంది. పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ ఉండాలి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఒకటి బండిలో వేసుకుంటే బాటిళ్ళు అందులోంచే నింపుకోవచ్చు.

డ్రైవర్ అన్నం తిన్నాడా అని భోజనానికి కూర్చునే ముందే కనుక్కోండి, మీ తర్వాత మిగిలింది పెట్టడం కాదు. మధ్యాహ్నం ఒక గంట అతన్ని ఎవరూ ఫోన్ చేసి కదిలించకండి.

ఆఖర్న బిల్లు. దిగగానే మీటర్ రీడింగ్ మళ్ళీ ఫోటో తీసి, మొదటి ఫోటోతో పోల్చి కిలోమీటర్లు అతని ముందే లెక్కవేయండి. టోల్ ఫాస్టాగ్‌లో కట్ అవుతుంది కాబట్టి ఆ మెసేజ్‌లు చూపించమని అడగండి, పార్కింగ్ చీటీలు చూడండి, ఎక్కువ గంటలు అయ్యుంటే ఎన్నో ఇద్దరూ ఒప్పుకున్నాకే డబ్బు పంపండి. అతనికి ఇవ్వాలనుకున్నది ఓనర్‌కి కలిపి పంపకుండా అతని చేతికే ఇవ్వండి. బండి కదిలే ముందు ఒకరు టార్చ్ వేసి సీట్ల కింద, సీటు వెనక సంచుల్లో, పైన క్యారియర్ మీద చూడాలి. ఛార్జర్లు, కళ్ళజోళ్ళు, మందుల డబ్బాలు దొరికేది అక్కడే.